కాలరు కింద ఎర్ర దారం

సాయంత్రం ఏడున్నరకి టీవీలో వార్తలు మొదలవుతాయి. ఆ చలికాలం బెల్‌గ్రేడ్‌లో వాటిని విన్నవాళ్లు తక్కువ. ముల్లు ఏడున్నర మీదికి రాగానే ఊరు ఊరంతా కిటికీలు తెరిచి గిన్నెలు, మూతలు, పెనాలు వాయించేది. మేము ఓటేసి గెలిపించినవాళ్లు ఓడిపోయారని చెప్పిన టీవీ అది. దాని గొంతు మా ఇళ్లల్లో వినపడకూడదని మా పంతం. మా మెట్ల వరసలో అందరికన్నా గట్టిగా వాయించేది నాలుగో అంతస్తు రాదోయ్కా. ఎదురు తలుపు నాది కాబట్టి ఆ మోతకి చెవులు పోయేది ముందు నాకే.

"కాస్త మెల్లిగా కొట్టవే. వాళ్లు గద్దె దిగేలోపు నీ గిన్నెకి చిల్లు పడేట్టుంది" అన్నాను ఒకరోజు.

"పడనీ అక్కా. జల్లెడ కింద వాడుకుంటా" అంది.

ఆ గిన్నె నాకు పాత పరిచయమే. ఆమె కొడుకు విదాన్ చిన్నప్పుడు కింద బంతాడుతుంటే, భోజనానికి పిలవడానికి కిటికీలోంచి దాని మీదే గరిటెతో కొట్టేది. మూడు వీధుల అవతల ఉన్నా వాడు ఆ మోత గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చేవాడు. ఇప్పుడు అదే గిన్నె వాయిస్తుంటే మెట్ల వరసంతా ఆమెని మెచ్చుకునేది. నాకు మాత్రం ఆమె గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటున్నట్టు అనిపించేది. ఎందుకో చెప్తాను.

రాదోయ్కా ద్రీనా నది ఒడ్డున ఒక పల్లె నుంచి పంతొమ్మిదేళ్లప్పుడు ఈ ఊరొచ్చి కోట్ల ఫ్యాక్టరీలో కుట్టుపనికి చేరింది. బయటి దేశాలు ఆంక్షలు పెట్టిన కాలంలో ఫ్యాక్టరీ మూతపడ్డాక మిషను ఇంట్లోనే పెట్టుకుంది. కొత్త కోట్లు కొనే మొనగాడు అప్పుడు ఊళ్లో ఎవడూ లేడు. అందరూ పాత కోట్లే తెచ్చేవాళ్లు. కోటుకి ముందు పోయేది కాలరు, మడత దగ్గర అరిగి పోగులు లేస్తుంది. ఆమె ఆ కాలరు విప్పి, తిరగేసి, లోపలి ముఖం పైకి వచ్చేలా మళ్లీ కుట్టేది. కోటు ఇంకో ఐదు చలికాలాలు బతికేది. మా పేటలో సగం మంది మెడల చుట్టూ ఆమె కుట్టే ఉంది.

ప్రతి కాలరు అడుగున, సరిగ్గా మధ్యలో, ఎర్ర దారంతో వేలిగోరంత శిలువ గుర్తు కుట్టేది. కాలరు పైకి లేపితే తప్ప కనపడదు. ఎందుకే అని అడిగితే, "బళ్లో పిల్లల బట్టలకి పేరు కుడతాం కదక్కా, తప్పిపోకుండా. అలాగే" అనేది.

మొగుడు రాదిసావ్ ట్రాలీబస్సు నడిపేవాడు, పోయి నాలుగేళ్లు. విదాన్ పని చేసే ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ కూడా మూతపడితే, వాడు ఉజిత్సె అనే ఊరు వెళ్లి పోలీసుల్లో చేరాడు. ఆ రోజు రాదోయ్కా అందరికీ ప్లమ్ సారా పోసింది, అందరం తాగాం. అప్పుడు పోలీసంటే ఒక ఉద్యోగం, అంతే. వీధుల్లో జనం నడవడం మొదలయ్యాక, పక్క ఊళ్ల నుంచి పోలీసుల్ని బస్సుల్లో దింపడం మొదలయ్యాక, ఎవరైనా విదాన్ గురించి అడిగితే ఆమె తడుముకోకుండా చెప్పేది.

"హంగేరీ సరిహద్దులో ఉన్నాడు. లారీల కాగితాలు చూస్తున్నాడు."

క్రిస్మస్‌కి ముందు ఒక మధ్యాహ్నం నేను వాడిని చూశాను. మా వీధి చివరే, డాళ్లు ఆనించి నిలబడ్డ పోలీసుల వరసలో. ముక్కు తుడుచుకోవడానికి హెల్మెట్ అద్దం పైకెత్తాడు. ఆ ముక్కుకి పదేళ్లపాటు చుక్కల మందు ఇచ్చింది నేనే, మందుల షాపులో పని చేసేదాన్ని కదా. వాడూ నన్ను చూశాడు. అద్దం దించేసుకున్నాడు. అక్కడినుంచి మా ఇల్లు నాలుగు వందల అడుగులు కూడా ఉండదు.

నేను రాదోయ్కాకి చెప్పలేదు. చెప్తే ఆమె నా ముఖం చూడలేదు, చెప్పకపోతే నేను ఆమె ముఖం చూడలేను. రెండోదే నయమనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు కోపం కూడా. వాడి మీదా, ఆమె మీదా, ఆ డాళ్ల మీదా, అన్నింటి మీదా.

కోపం వచ్చినా ఎక్కడికీ పోయే దారి లేదు. వీధికి ఒక చివర పోలీసులు, రెండో చివర జనం. ట్రాలీబస్సులు కరెంటు తీగల నుంచి కడ్డీలు దించుకుని వరసగా ఆగిపోయాయి. రొట్టెల కొట్టు పోలీసు వరసకి అవతల ఉంది. గుర్తింపు కార్డు చూపిస్తే బయటికి వదిలేవారు. తిరిగి రానిచ్చేది లేనిది వాళ్ల పెద్దాయన ఆ పూట ఎవరి ముఖం చూసి నిద్రలేచాడో దాన్ని బట్టి. ఒకసారి రెండు గంటలు పిండి బస్తాల మీద కూర్చున్నాను, చంకలో వేడి రొట్టె చల్లారిపోయేదాకా. మూడింటికి ఊరేగింపు, ఏడున్నరకి గిన్నెలు, మధ్యలో అంతా ఈలలు. రెండు నెలలు అలాగే గడిచాయి. ఊరు కిటికీలోంచి కనిపించేది, అందులోకి పోవడానికే వీల్లేదు.

ఇక తోజా మాష్టారు. అయిదో అంతస్తు, ఫిజిక్సు చెప్పేవాడు, అరవై దాటినా మెడలో ఈల వేసుకుని రోజూ ఊరేగింపుకి వెళ్లేవాడు. జనవరి మధ్యలో ఒక శుక్రవారం పోలీసులు పక్క వీధిలో జనాన్ని తరిమారు. మాష్టారు కుడిచెయ్యి విరిగింది, మోచేతి పైదాకా సిమెంటు కట్టు వేశారు. కట్టు కోటు చేతిలో పట్టలేదు. రాదోయ్కా ఆ కోటు తీసుకుని, చెయ్యి పొడుగునా విప్పి, గుడ్డ కలిపి, బొత్తాలు కుట్టింది. ఆ కోటు కాలరు కూడా ఆమె తిరగేసినదే, మొన్న శరదృతువులో.

"ఎవరు కొట్టారు మాష్టారూ?" అని తల ఎత్తకుండా అడిగింది.

"హెల్మెట్ కొట్టిందమ్మా. హెల్మెట్‌కి పేరుండదు" అన్నాడాయన.

సూది ఆమె వేలికి గుచ్చుకుంది. నేను చూశాను. ఆ రోజు నుంచి ఏడున్నరకి ఆమె మెట్ల మీద కిటికీ దగ్గర గిన్నె పట్టుకుంటే, మాష్టారు ఎడమచేత్తో వాయించేవాడు. ఒంటి చెయ్యి మనిషి గిన్నే పట్టుకుంటాడా, గరిటే పట్టుకుంటాడా.

ఆ తర్వాతి వారం, శనివారం పొద్దున నేను ఫోను ఎత్తితే మూగగా ఉంది. మా రెండిళ్లకి కలిపి ఒకటే లైను, ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లది పనిచెయ్యదు. అరగంట చూసి వెళ్లి ఎదురు తలుపు కొట్టాను.

"ఏమే, లైను నీ పుట్టింటి సొమ్మా? డాక్టరుకి ఫోను చేసుకోవాలి."

రాదోయ్కా రిసీవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అవతలివాళ్లు ఫోను ఎప్పుడో పెట్టేశారు.

"వాడు వస్తున్నాడక్కా" అంది. "సోమవారం. పన్నెండింటి నుంచి రెండు గంటలు వదిలారంట. యూనిఫాంలోనే రావాలంట. అక్కా, వాడు సరిహద్దులో లేడు."

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"క్రిస్మస్ ముందు నించి."

"మరి నోరు విప్పలేదే?"

"నువ్వు విప్పావా?"

సోమవారం వాళ్ల స్లావా. మాలో ప్రతి ఇంటికీ ఒక పునీతుడుంటాడు, తండ్రి నుంచి కొడుక్కి వస్తాడు, ఆయన రోజే స్లావా. వీళ్లకి యోహాను. ఆ రోజు కొవ్వొత్తి వెలిగించి, రొట్టె విరవాల్సింది ఇంటి మగవాడు. తండ్రి పోయాక ఆ బాధ్యత విదాన్‌ది. రొట్టెకి రెండోవైపు పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి. నాలుగేళ్లుగా పట్టుకుంటున్నది తోజా మాష్టారు.

"వాణ్ణి రావద్దను" అన్నాను.

"ఎలా అంటానక్కా? రొట్టె విరవకపోతే ఆ ఇల్లు ఆరిపోయినట్టే కదా. వాళ్ల నాన్న కొన ఊపిరితో ఉండి కూడా స్లావా మానకురా అన్నాడు."

"పోనీ మనవాళ్లకి చెప్దాం, మూడింటి తర్వాత రమ్మని."

"స్లావాకి పిలుపే లేదు కదా. పిలవనివాళ్లని రావద్దని ఎలా చెప్తాం?"

నిజమే. స్లావాకి ఎవరూ ఎవర్నీ పిలవరు, వచ్చినవాళ్లని ఎవరూ పొమ్మనరు. శత్రువు వచ్చినా గుమ్మంలో తీపి గోధుమలు పెట్టాల్సిందే. మూడింటికి ఊరేగింపు కాబట్టి మెట్ల వరసంతా పన్నెండుకే దిగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె రిసీవరు ఫోను మీద పెట్టి, ఇక నేను డాక్టరుకి చేసుకోవచ్చని చెప్పింది. నేను చెయ్యలేదు. ఆదివారమంతా ఇద్దరం కూర్చుని పుల్ల క్యాబేజీ ఆకుల్లో కైమా చుట్టాం.

సోమవారం పన్నెండయ్యేసరికి మూడో అంతస్తు ల్యుబింకా, ఆమె మొగుడు, తోజా మాష్టారు, నేను బల్ల చుట్టూ ఉన్నాం. నేను కాక మిగతా ముగ్గురి మెడల్లోనూ ఈలలు, ఇక్కడినుంచి తిన్నగా ఊరేగింపుకే. గుమ్మంలో ఒక్కో చెంచా తీపి గోధుమలు తిని, చెంచాలు నీళ్ల గ్లాసులో వేసి లోపలికొచ్చాం. కొవ్వొత్తి ఇంకా వెలిగించలేదు.

"రొట్టె ఎవరు విరుస్తారు ఈసారి?" అంది ల్యుబింకా. "పాపం విదాన్‌కి సెలవు ఇవ్వలేదా?"

"వస్తాడు" అంది రాదోయ్కా, గ్లాసులు సర్దుతూ.

అప్పుడే బెల్లు మోగింది. నా కుర్చీ నుంచి వసారా కనపడుతుంది. విదాన్ తల్లిని కావలించుకుని, బూట్లు విప్పి, లాఠీ ఉన్న బెల్టు తీసి కోట్ల కొయ్యకి తగిలించాడు. తగిలిస్తూ ఆగిపోయాడు. పక్కన మాష్టారి కోటు ఉంది. వాడు దాని కాలరు రెండు వేళ్లతో పైకి లేపాడు. కింద చూశాడు. దించాడు. ఎంతసేపటికీ అక్కడినుంచి కదల్లేదు.

లోపలికి వచ్చేసరికి వాడి ముఖం ఉడకబెట్టిన పిండిలా ఉంది. స్లావా నాడు ఇంటి యజమాని గదిలోకి వస్తే అందరూ లేచి, "స్లావా శుభం, యజమానీ" అనాలి. నేను లేచాను. ఇంకెవరూ లేవలేదు.

"హంగేరీ మన వీధి చివరిదాకా వచ్చేసిందా రాదోయ్కా? మాకు చెప్పనే లేదు" అంది ల్యుబింకా.

రాదోయ్కా అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది. ల్యుబింకా మొగుడికి పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయామని గుర్తొచ్చింది. వాళ్లింట్లో పాలు చూసి వారమైందని నాకు తెలుసు. ఇద్దరూ వెళ్లిపోయారు. తోజా మాష్టారు మాత్రం కూర్చునే ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యి బల్ల మీద, రొట్టె పక్కన ఉంది.

"నా చెయ్యి విరిగిన శుక్రవారం ఎక్కడున్నావురా విదాన్?" అన్నాడు.

"ఆ వీధిలోనే బాబాయ్."

"కొట్టావా?"

"కొట్టాను. ముగ్గుర్ని."

"ఎవర్నో తెలుసా?"

"ముఖాలు చూడొద్దని ముందే చెప్పారు. చూస్తే చెయ్యి లేవదంట." వాడు మాష్టారి కట్టు వైపు చూశాడు. "మూడో ఆయన్ని వెనక నించి భుజం మీద కొట్టాను. వంగాడు. కాలరు లేచింది. కింద ఎర్ర దారం కనపడింది. అమ్మ కుట్టు. అప్పటికే చెయ్యి రెండోసారి లేచింది బాబాయ్. ఆపలేకపోయాను. ఊళ్లో ఎంతమందికి కుట్టి ఉంటుందీ, ఎవరో అనుకున్నాను. ఇప్పుడు కొయ్యకి అదే కోటు చూశాను, చేతికి కొత్త బొత్తాలతో."

రాదోయ్కా చేతిలో అగ్గిపెట్టె ఉంది. దాన్ని తెరవడం, మూయడం, తెరవడం. నాకు ఆ గదిలోంచి లేచి పోవాలనిపించింది. వీధిలో ఈలలు అప్పుడే మొదలవుతున్నాయి.

విదాన్ కుర్చీ కోసం చెయ్యి చాపాడు.

"కూర్చోకు" అన్నాడు మాష్టారు. "స్లావా నాడు యజమాని కూర్చోడు. అందరికీ వడ్డించేదాకా నిలబడాలి. మీ నాన్న గుండెనొప్పితో కూడా నిలబడ్డాడు. నిలబడు."

వాడు నిలబడ్డాడు.

"కొవ్వొత్తి వెలిగించు."

వెలిగించాడు. మూడు పుల్లలు పట్టాయి. మాష్టారు లేచి ఎడమచెయ్యి రొట్టె కింద పెట్టాడు. రెండో వైపు విదాన్ పట్టుకున్నాడు. మూడుసార్లు తిప్పాలి. ఒంటి చేత్తో రొట్టె అటూ ఇటూ ఒరిగింది, పైన పోసిన వైను విదాన్ చొక్కా చేతిమీదికి కారింది. విరిచారు. విరిగిన చోట ఇద్దరూ ముద్దు పెట్టుకోవాలి. విదాన్ పెట్టాడు. మాష్టారు చాలాసేపు ఆ రొట్టె వైపు చూశాడు. తర్వాత వంగి పెదవులు ఆనించాడు, వాడి ముఖం చూడకుండా.

"ఇది నీ కోసం కాదురా. రాదిసావ్ కోసం" అన్నాడు.

"సరే బాబాయ్."

విదాన్ సూపు పోశాడు, తర్వాత వేయించిన మాంసం పెట్టాడు. మాష్టారు ఎడమచేత్తో ఫోర్కు పట్టుకుని కాసేపు కుస్తీ పట్టాడు. ముక్క పళ్లెంలోంచి బల్లమీదికి జారింది. అప్పుడు విదాన్ ఆ పళ్లెం తనవైపు లాక్కుని, నిలబడే, మాంసాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోసిచ్చాడు. చిన్నపిల్లాడికి కోసినట్టు కోశాడు. మాష్టారు ఒక్కటొక్కటిగా తిన్నాడు. రాదోయ్కా గోడవైపు తిరిగి నిలబడింది. వీపు చూస్తేనే ఏడుస్తోందని తెలుస్తోంది.

ఇంకా పావుగంట ఉండగానే వాడు బెల్టు పెట్టుకున్నాడు. తల్లి వాడి చేతిలో మూట పెట్టింది, లోపల సగం రొట్టె. "అమ్మా, తిరిగి వెళ్లకపోతే కోర్టుకి లాగుతారు" అన్నాడు, ఆమె ఏమీ అడగకపోయినా. మెట్లు దిగుతుంటే ల్యుబింకా తలుపు కొంచెం తెరుచుకుని మూసుకుంది.

మాష్టారు కోటు తొడుక్కోబోతుంటే రాదోయ్కా కత్తెర పట్టుకుని వచ్చింది.

"ఒక్క నిమిషం ఆగండి మాష్టారూ. ఆ దారం తీసేస్తాను."

"ఎందుకమ్మా? ఉండనీ" అన్నాడాయన. ఎడమచేత్తో కాలరు పైకెత్తి, అలాగే లేపి ఉంచాడు. వెనక ఎర్ర గుర్తు స్పష్టంగా కనపడుతోంది. "ఈసారి కాస్త ముందుగా చూస్తాడు."

అలాగే కాలరు లేపుకుని మూడింటి ఊరేగింపుకి వెళ్లిపోయాడు.

ఏడున్నరకి నేను మూత, చెంచా పట్టుకుని మెట్ల కిటికీ దగ్గరికి వచ్చాను. రాదోయ్కా రాదనుకున్నాను. వచ్చింది. ఊరేగింపు నుంచి అప్పుడే వచ్చిన మాష్టారు భుజాల మీద మంచు కరగకుండానే పైనుంచి దిగాడు, ఎడమచేతిలో గరిటె. ఆమె రెండు చేతులతో గిన్నె ఎత్తి పట్టుకుంది. ఆయన కొట్టాడు. ప్రతి దెబ్బకీ ఆమె మణికట్లు అదిరాయి. వార్తలు అరగంట. ఆ అరగంటలో ఆమె ఒక్కసారి కూడా గిన్నె కిందికి దించలేదు.

ఎనిమిదింటికి మాష్టారు పైకి వెళ్లిపోయాడు. ఆమె కిటికీ దగ్గరే ఉండిపోయింది.

"గాలి ఎటు వీస్తోందక్కా?"

"వీధి చివరికే."

"అయితే వాడికి వినపడే ఉంటుంది" అని గిన్నె చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.